సీటు తీసుకోని నిర్ణయం

ఎజెక్షన్ సీటు చరిత్రంతా పైలట్ పనులను యంత్రం ఒక్కొక్కటిగా తన మీద వేసుకున్న కథ. విమానాల వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలిని తట్టుకుని, తోకకు తగలకుండా కాక్‌పిట్ నుంచి దూకడం మనిషి వల్ల కాకుండా పోయింది. 1942 జనవరిలో జర్మనీలో హైన్‌కెల్ 280 విమానం మంచు పట్టి అదుపు తప్పినప్పుడు, పైలట్ హెల్ముట్ షెంక్‌ను గాలి పీడనంతో ఎగిరే సీటు కాపాడింది. 1946 జులై 24న ఇంగ్లండ్‌లో బెర్నార్డ్ లించ్ మీటియర్ జెట్ నుంచి ఇలాంటి సీటును పరీక్షించాడు. దాన్ని తయారుచేసింది మార్టిన్-బేకర్ కంపెనీ. సీటు అతన్ని బయటికి తోసి ఊరుకుంది. దాన్ని వదిలించుకుని పారాచూట్ తెరుచుకోవడం అతని వంతే అయింది. తర్వాతి సీట్లు ఆ పనులూ చేశాయి. 1960లలో రాకెట్లు చేరాక, రన్‌వే మీద ఆగి ఉన్న విమానం నుంచి సైతం బతికి బయటపడటం సాధ్యమైంది. దుండిగల్ వైమానిక అకాడమీలో క్యాడెట్లు నడిపే పిలాటస్ పీసీ-7లో ఉన్నవీ మార్టిన్-బేకర్ సీట్లే.

ఇన్ని పనులు నేర్చిన సీటు హ్యాండిల్‌ను ఎప్పుడు లాగాలో మాత్రం పైలట్‌కే వదిలేసింది. ఆగి ఉన్న విమానానికి ఇచ్చిన హామీ వేగంగా కూలుతున్న విమానానికీ, తలకిందులైన విమానానికీ వర్తించదు. సెకనుకు 100 మీటర్ల చొప్పున పడిపోతుంటే, రెండు సెకన్ల తటపటాయింపుకు 200 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. అందుకే శిక్షణలో ఆ నిర్ణయాన్ని నేల మీదే చేయిస్తారు. అమెరికా వైమానిక దళపు టీ-6 శిక్షణ విమానం నేలకు 6,000 అడుగుల ఎత్తుకు దిగేలోపు అదుపులోకి రాకపోతే ఇక ప్రయత్నాలు మాని బయటపడాలి. అక్కడ క్యాడెట్ కొత్తగా ఆలోచించేదేమీ లేదు, ముందే ఒప్పుకున్నది అమలు చేయడమే.

తొందరపడితే నిలబడే విమానాన్ని పారేసుకున్నట్టు కాదా అనే ప్రశ్నకు ఆధారం లేకపోలేదు. 1970 ఫిబ్రవరిలో మోంటానాలో ఒక ఎఫ్-106 శిక్షణ విన్యాసంలో గిరికీలు కొట్టడం మొదలుపెట్టింది. పైలట్ ఎగిరిపోయాక అదే సర్దుకుని మంచు పొలంలో దిగింది. బాగుచేస్తే మళ్లీ ఎగిరింది కూడా. కానీ ఆ నిర్ణయాన్ని తూచాల్సింది పైలట్‌కు అప్పుడు తెలిసిన దానితోనే, తర్వాత జరిగిన దానితో కాదు. పైగా సీటు తోపుకు వెన్నెముక దెబ్బతినవచ్చన్నదీ నిజమే. ఆ గాయానికి వైద్యం ఉంది, ఆలస్యానికి లేదు.

అలాగైతే నిర్ణయమూ యంత్రానికే అప్పగించవచ్చు కదా? నిలువుగా దిగే ఎఫ్-35బీలో అలాంటి ఏర్పాటు ఉంది, ఎందుకంటే గాలిలో నిలిచి ఉన్నప్పుడు ఒరిగితే మనిషికి స్పందించే వ్యవధి ఉండదు. శిక్షణ విమానం మాత్రం కావాలనే గిరికీలు కొడుతుంది, కావాలనే తలకిందులవుతుంది. ఏది పాఠమో ఏది ప్రమాదమో యంత్రానికి తెలియనంత కాలం ఆ హద్దు గీయాల్సింది మనిషే. దాన్ని విమానం ఎక్కకముందే గీసుకోవాలి.