నవ్వించేవాడు అడిగితే నోరు విప్పని వారెవరు?

కోదాడ: నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దలు. కాని నవ్వించడమే బతుకుతెరువుగా పెట్టుకున్నవాడు ఎదురుగా కూర్చుని "అన్నా, మీ సొంతూరేది?" అని అడిగితే ఎంత పేరుమోసినవారైనా మనసు విప్పక మానరు. హాస్యనటుడు ఆలీ నిర్వహణలో 2016లో ఈటీవీలో మొదలై, ఏళ్ల తరబడి సోమవారం రాత్రుల్లో ప్రసారమైన 'ఆలీతో సరదాగా' కార్యక్రమం ఈ సంగతిని రుజువు చేసింది. దాని పాత భాగాలను నేటికీ మన పల్లెల్లో సెల్‌ఫోన్లలో చూస్తూనే ఉన్నారు.

ఇటీవల కోదాడ బస్టాండు దగ్గర ఒక టీ హోటల్లో కనిపించిన దృశ్యం ఇది. రైసుమిల్లు హమాలీలు ముగ్గురు ఒకే ఫోను చుట్టూ తలలు చేర్చి కూర్చున్నారు. తెరమీద వెనుకటి తరం నటి ఒకామె వేషాలు తగ్గిన రోజుల్లో తాను పడిన బాధ చెబుతున్నది. అప్పటిదాకా నవ్విన ముగ్గురూ మౌనం వహించారు. చివరకు ఒకాయన "గంత పెద్ద యాక్టరుకు గూడ కిరాయి కట్ట పైసల్లేవంటనే" అని నిట్టూర్చాడు. చేతిలో టీ చల్లారిపోయిన సంగతి కూడా అతను గమనించలేదు.

తోటివాడు అడిగిన ప్రశ్న

సినిమా వారిని విలేకరులు అడగరా అంటే, అడుగుతారు. అయితే విలేకరిని చూడగానే వారు జాగ్రత్త పడతారు. రేపు పత్రికలో ఏమి వస్తుందోనని మాటను తూచి తూచి వదులుతారు. ఆలీ దగ్గర ఆ బెరుకు లేదు. రాజమండ్రి నుంచి బాలనటుడుగా వచ్చి, 1981లో 'సీతాకోకచిలుక' ద్వారా అందరికీ తెలిసి, 1994లో 'యమలీల'తో కథానాయకుడైనవాడు ఆయన. వేషం కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. అడిగేవాడూ అదే బాటలో నడిచినవాడు కావడంతో, చెప్పేవారికి సిగ్గు ఉండదు.

పద్ధతి కూడా తేలికైనదే. ముందు ఒక చెణుకు విసురుతారు. వచ్చినవారు నవ్వుతారు. బిగుసుకున్న భుజాలు సడలుతాయి. అసలు ప్రశ్న అప్పుడు వస్తుంది. ఊరు, తల్లిదండ్రులు, మొదటి వేషం, దెబ్బతిన్న రోజులు ఒకదాని వెంట ఒకటి బయటకు వస్తాయి. కన్నీళ్లు వస్తే మళ్లీ ఒక హాస్యోక్తితో తేల్చివేస్తారు. ఇందులో ఒక లోపం కూడా లేకపోలేదు. నిలదీసి అడగవలసిన చోట నవ్వి దాటిపోయే వీలు ఇద్దరికీ ఉంటుంది. నిజం కొంత వెలికి వస్తే, కొంత నవ్వు మాటున దాగుతుంది.

ఈ తరహా కార్యక్రమాలు ఇతర దేశాల్లో ఏనాటి నుంచో ఉన్నాయి. అమెరికాలో జానీ కార్సన్ అనే హాస్యగాడు 1962 నుంచి 1992 వరకు ముప్ఫై ఏళ్లు రాత్రివేళ ప్రముఖులను పిలిచి మాట్లాడించాడు. హిందీలో కపిల్ శర్మ 2013 నుంచి ఆ పని చేస్తున్నాడు.

మనకు కొత్త కాదు

నిజానికి నల్లగొండ, పాలమూరు పల్లెలకు ఇది కొత్త విద్య కాదు. బుర్రకథలో కథకునికి ఇరుపక్కలా ఇద్దరు వంతలుంటారు. అందులో ఒకరు హాస్యం చెబుతారు. కథ మంచి పట్టులో ఉండగా ఆ హాస్యగాడు అడ్డు తగిలి, ఏమీ తెలియనివాడిలా ఒక సందేహం అడుగుతాడు. అది కింద కూర్చున్న జనం మనసులోని సందేహమే. జనం తరఫున అడగడమే అతని పని. ఆలీ చేసినదీ ఆ వంత పనే.

పిట్టలదొర సంగతి చెప్పనవసరం లేదు. చినిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి వేసుకుని, లేని జాగీర్ల గురించి కోతలు కోస్తూ ఊళ్లోకి వస్తాడు. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడవవలసి వచ్చిన రోజుల్లో, దొరతనాన్ని నలుగురిలో నవ్వులపాలు చేయగలిగింది అతడొక్కడే. నవ్వించేవాడికి ఉన్న చనువు అటువంటిది.

బడిలో పెట్టిన టీవీ

పాలమూరు పల్లెలు టెలివిజన్‌ను హైదరాబాదు నగరం కంటే ముందే చూశాయంటే ఈనాటి పిల్లలు నమ్మరు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ప్రసారాలు జరిగాయి. అందులో మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలూ ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన విశేషాలు వచ్చేవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది 1977లో.

ఆ జిల్లాకు చెందిన డెబ్బయ్యేళ్లు దాటిన వృద్ధుడొకరు ఆ రోజులను గుర్తు చేసుకున్నారు. ఆయన ఒకప్పుడు బుర్రకథలో హాస్యపు వంత. "బడి ముంగట పెట్టిండ్రు టీవీ. ఊరు ఊరంత కూసుండి చూస్తుంటిమి. ఎరువు గిట్ల ఎయ్యాలె, పిల్లలకు సూదులు గిట్ల ఇప్పియ్యాలె అని చెప్పేటోళ్లు. ఇప్పుడు టీవీ మంచిగనే అడుగుతున్నది గాని, పెద్దపెద్దోళ్లనే అడుగుతది గద బిడ్డా" అన్నారు. ఎన్ని ఊళ్లలో కథ చెప్పారని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు. "యాది తప్పుతున్నది. పదేండ్ల కింద అడిగితే అన్ని చెప్పేటోణ్ణి" అని నవ్వారు. ఆ నవ్వు చూసి ఈ విలేకరికి నవ్వు రాలేదు.

అడగకముందే వెళ్లినవారు

కోదాడ ప్రాంతం సినిమా రంగానికి ఇద్దరిని ఇచ్చింది. ఒకరు గుడిబండకు చెందిన కాంతారావు. జానపద చిత్రాల్లో కత్తి పడితే ఆయనకు ఎదురు లేదు. సొంతంగా చిత్రాలు నిర్మించి నష్టపోయి, చివరి రోజుల్లో ఇబ్బందులు పడి 2009 మార్చి 22న కన్నుమూశారు. ఆలీ కార్యక్రమం మొదలయ్యేనాటికి ఆయన పోయి ఏడేళ్లయింది.

రెండవవారు వేణుమాధవ్. కోదాడలో మిమిక్రీతో మొదలై, 1996లో 'సంప్రదాయం'తో తెరకెక్కి, 2005లో 'హంగామా'లో ఆలీతో సమానంగా కథానాయకుడు అయ్యారు. 2006 నాటి 'లక్ష్మి'కి నంది అవార్డు అందుకున్నారు. 2019 సెప్టెంబరు 25న ఆయన కూడా అందరినీ విడిచి వెళ్లారు. ఆయన నవ్వించిన దృశ్యాలు ఎన్నో మిగిలాయి. కాని కోదాడ వీధుల్లో ఎవరి గొంతు మొదట అనుకరించాడో, ఎవరు చప్పట్లు కొట్టారో చెప్పగలిగిన నోరు అదొక్కటే. అది మూతపడింది.

సినిమా వారిని అడిగేందుకు టీవీలున్నాయి. ఊళ్లో ఉన్న వంతగాడిని, పిట్టలదొరను, చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ వేషం కట్టిన ముసలివానిని అడిగేందుకు సోఫాలు, దీపాలు అక్కరలేదు. ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది. ఇంటర్ చదివే పిల్లవాడొకడు సెలవునాడు వెళ్లి పక్కన కూర్చుని, ముందు ఒక జోకు వేసి, "తాతా, మొదటిసారి వేషం ఏ ఊళ్లో కట్టినవ్?" అని అడిగితే చాలు. మిగతాది ఆయనే చెప్పుకుంటూ పోతారు.

యాది తప్పకముందే అడగాలి.