పచ్చదీపం వెలిగినంత మాత్రాన...

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. కరెంటు పోతే సర్వర్లు ఆగిపోతాయన్నది అందరికీ తెలిసిందే. కానీ కరెంటు వచ్చి, అన్నీ బాగానే నడుస్తున్నాయనుకున్నాక మెల్లగా పాడయ్యేవి రెండున్నాయి: నెట్‌వర్క్ కార్డు, దానికి తగిలించిన కేబులు. తీరప్రాంతంలో తేమకు ఉప్పుగాలి తోడైతే కనెక్టర్ పిన్నులు తుప్పు పట్టడానికి తుపానే రానక్కర్లేదు.

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఒక కాలేజీ సర్వర్ గది అనుకోండి. గోడవెంట వచ్చే రాగి కేబులులో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు. సెకనుకు 1000 మెగాబిట్ల వేగానికి నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు చాలు. మిగతా రెండింటిలో ఒక జత దెబ్బతింటే చాలా కార్డులు లింకు పూర్తిగా వదిలెయ్యవు, చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. ఫలితాల రోజున సైటు తెరుచుకోకపోతే తిట్లన్నీ సర్వరుకే. లినక్స్‌లో ఈథ్‌టూల్ అని కొట్టి పక్కన కార్డు పేరు ఇస్తే, స్పీడ్ అన్న వరసలో అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకో జబ్బు ఇంతకంటే గుట్టుగా ఉంటుంది. పంపే కార్డు ప్రతి డేటా ముక్క (ఫ్రేము) చివర 32 బిట్ల సరిచూపు సంఖ్య (సీఆర్‌సీ) తగిలిస్తుంది. అందుకున్న కార్డు తనూ లెక్కకట్టి, తేడా వస్తే ఆ ఫ్రేమును పారేసి, సీఆర్‌సీ ఎర్రర్ల పద్దులో ఒకటి వేసుకుంటుంది. పోయినదాన్ని టీసీపీ మళ్లీ రప్పిస్తుంది కాబట్టి ఫైలు చెడదు, ఆలస్యమవుతుందంతే. ఈథ్‌టూల్‌కు మైనస్ పెద్ద ఎస్ జోడిస్తే ఈ పద్దులన్నీ కనిపిస్తాయి. పేర్లు మాత్రం డ్రైవరుకో తీరు.

పద్దులో 4,000 ఉందంటే భయపడాలా? ఆ అంకెను బట్టి ఏమీ చెప్పలేం. ఎప్పుడో కేబులు ఊడదీసినప్పుడు పడినవి కావచ్చు. ఐదు నిమిషాల క్రితం ఎంత, ఇప్పుడెంత అన్నదే ప్రశ్న. నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్‌లో చిన్న స్క్రిప్టు పెట్టి తేడా లెక్కగట్టిస్తే చాలు. రీబూట్ అయితే పద్దు సున్నాకు వస్తుందని స్క్రిప్టుకు ముందే చెప్పాలి. లింకు ఎన్నిసార్లు పోయి వచ్చిందో క్యారియర్ చేంజెస్ అనే ఫైలు చెబుతుంది. సర్వర్లు ఎక్కువైతే ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్, దాని నోడ్ ఎక్స్‌పోర్టర్ ఈ పని చేసిపెడతాయి.

రెండు కార్డులను బాండింగ్‌తో కలిపి నిశ్చింతగా ఉండేవాళ్లంటేనే నాకెక్కువ భయం. ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది, నిజమే. ఆగిన సంగతి ఎవరికీ చేరకపోతే మిగిలిన ఒక్కటీ పోయేదాకా ఎవరూ అటు చూడరు. లింకు ఉందా లేదా అని మాత్రమే చూసే బాండింగ్ సెట్టింగు ఎంఐఐమాన్‌కు సీఆర్‌సీ ఎర్రర్లు పట్టవు. పైగా చచ్చిన కార్డు తన చావుకబురు తనే పంపలేదు, కాబట్టి కాపలా ఎప్పుడూ వేరే యంత్రం నుంచే ఉండాలి.

తుపాన్ల కాలానికి ముందే మీ సర్వర్లో ఈథ్‌టూల్ ఆదేశం కొట్టి చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 కనిపిస్తే ముందు కేబులు మార్చండి. కొత్త కార్డు ఖర్చు ఆ తర్వాతి మాట.