రాత్రి తాగింది తెల్లారేసరికి దిగిపోతుందా?

రాత్రి పన్నెండింటికి విందు ముగించి, ఆరు గంటలు నిద్రపోయి, స్నానం చేసి, కాఫీ తాగి బండి తీసిన మనిషి తాను మత్తులో ఉన్నానని అనుకోడు. దారిలో పోలీసుల బ్రెత్ అనలైజర్ చూపే అంకె మాత్రం వేరేగా ఉండవచ్చు. ఈ తేడాకు కారణం కాలేయం పనిచేసే తీరు.

గంటకు పదిహేను

శరీరంలో చేరిన ఆల్కహాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయంలోని ఎంజైములే విడగొడతాయి. వాటికి ఒక పరిమితి ఉంది. ఎంత ఎక్కువ తాగినా అవి పనిచేసే వేగం దాదాపు మారదు. సగటున 100 మి.లీ. రక్తానికి గంటకు 15 మి.గ్రా. చొప్పున ఆల్కహాల్ తగ్గుతుంది. అర్ధరాత్రి 150 మి.గ్రా. ఉంటే ఉదయం ఆరింటికి 60 మిగులుతుంది. మన చట్టం పెట్టిన హద్దు 30. అంటే ఇంకా రెట్టింపు ఉన్నట్టే. మజ్జిగ, నిమ్మరసం, చన్నీటి స్నానం ఈ లెక్కను మార్చలేవు. కాఫీ నిద్రమత్తును కొంత వదిలిస్తుందే తప్ప ఆల్కహాల్‌ను కాదు.

యంత్రం కొలిచేది వాసనను కాదు

రక్తంలోని ఆల్కహాల్ ఊపిరితిత్తుల్లో గాలిలోకి చేరుతుంది. సుమారు 2,100 మి.లీ. శ్వాసలో ఉండే ఆల్కహాల్ 1 మి.లీ. రక్తంలో ఉన్నదానికి సమానమని లెక్క. చాలా యంత్రాల్లో ఉండే ఫ్యూయెల్ సెల్‌లో ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఆల్కహాల్ ఎసిటిక్ ఆమ్లంగా మారుతూ విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తును బట్టే అంకె వస్తుంది. అందుకే సోంపు, యాలకులు నమిలితే వాసన మరుగున పడుతుంది కానీ అంకె తగ్గదు. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ పుక్కిలించిన వెంటనే ఊదితే మాత్రం అంకె తప్పుగా పెరగవచ్చు. పదిహేను నిమిషాలు ఆగితే ఆ ప్రభావం పోతుంది.

అర సెకను ఖరీదు

గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. మత్తు వల్ల బ్రేకు మీద కాలు అర సెకను ఆలస్యంగా పడితే బండి మరో 8 మీటర్లు ముందుకు పోతుంది. రోడ్డు దాటుతున్న మనిషికి ఆ దూరమే ప్రాణం.

లైసెన్స్ తిరిగి రావాలంటే

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం తొలిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

డబ్బు కట్టడంతో విషయం ముగిసిపోదు. పోలీసులు స్వాధీనం చేసుకున్న లైసెన్స్ రవాణా అధికారులకు వెళ్తుంది. వారు డ్రైవరు వాదన విన్నాక, తొలి తప్పుకు మూడు నెలలు అనర్హుడిగా ప్రకటించవచ్చు. గడువు తీరాక లైసెన్స్ చేతికి రావాలంటే పునశ్చరణ శిక్షణ పూర్తి చేయాలని 2019 సవరణ చెబుతోంది. కోర్టులో నేరం రుజువైతే అనర్హత కనీసం ఆరు నెలలు. కోర్టు సస్పెండ్ చేసిన లైసెన్స్‌ను తిరిగి పొందడానికి వైద్య ధ్రువపత్రం ఇచ్చి, డ్రైవింగ్ పరీక్ష మళ్లీ పాసవ్వాలి. రెండోసారి శిక్ష పడితే కోర్టు లైసెన్స్‌నే రద్దు చేస్తుంది.

ఆటో, లారీ, స్కూలు బస్సు నడిపి బతికేవారికి ఆరు నెలల అనర్హత అంటే ఆరు నెలల సంపాదన పోయినట్టే. అర్ధరాత్రి 150 దగ్గర ఉన్న మనిషి రక్తంలో ఆల్కహాల్ 30కి దిగేది ఉదయం ఎనిమిదింటికి, పూర్తిగా పోయేది పదింటికి. అది కూడా సగటు లెక్కే. కొందరికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఆ ఉదయం తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడమో, బస్సెక్కడమో మేలు.