మళ్లీ మైదానంలోకి వచ్చిన జట్టు

పండక్కి ఊళ్లో చెడుగుడు పోటీ పెడతారు. మన ఊరి జట్టు గెలిస్తే మనమే గెలిచినట్టు సంబరపడతాం. ఓడితే ఆ పూట అన్నం సయించదు. ఆడేది కొద్దిమందే. కానీ ఊరంతా ఆడినట్టే ఉంటుంది.

అమెరికాలో కాలేజీ జట్ల ఆటలు కూడా ఇట్లాగే ఉంటాయి. అట్లాంటి ఒక జట్టు సంగతి ఇప్పుడు చెప్పుకుందాం. ఇది కట్టుకథ కాదు. నిజంగా జరిగింది.

ఏమిటా ఆట?

ఆ ఆట పేరు ఫుట్‌బాల్. మన పిల్లలు కాలితో తన్నే ఫుట్‌బాల్ వేరు, ఇది వేరు. ఇందులో బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. చేత్తో విసురుతారు. ఒక్కో జట్టుకు 11 మంది ఆడతారు. మైదానం 100 గజాల పొడవు ఉంటుంది.

బంతి ఉన్న జట్టుకు 4 అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ 4 అవకాశాలు వస్తాయి. పోలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. అవతలివాళ్లు ఊరుకుంటారా? చెడుగుడులో లాగా మీదపడి పట్టేస్తారు. అందరినీ తప్పించుకుని చివరి గీత దాటితే 6 పాయింట్లు.

మనకు పంటకాలం ఉన్నట్టే ఈ ఆటకూ ఒక కాలం ఉంది. దాన్ని సీజన్ అంటారు. ప్రధానంగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సాగుతుంది. సాధారణంగా వారానికి ఒక ఆట ఆడతారు.

ఆ రాత్రి ఏం జరిగింది?

అమెరికాలో వెస్ట్ వర్జీనియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఒహాయో నది ఒడ్డున హంటింగ్టన్ అనే ఊరుంది. ఆ ఊళ్లో మార్షల్ యూనివర్సిటీ ఉంది.

1970 నవంబరు 14, శనివారం. మార్షల్ జట్టు వేరే రాష్ట్రంలో ఆట ఆడింది. 17-14 తేడాతో ఓడింది. ఆ సాయంత్రం అందరూ విమానం ఎక్కి ఇంటికి బయలుదేరారు. హంటింగ్టన్ దగ్గర వాన, మంచు. విమానం దిగే దారి కనిపించక ముందే, ఉండాల్సిన ఎత్తు కంటే కిందికి వచ్చేసింది. కొండ మీద చెట్లకు తగిలి కూలిపోయింది. లోపల ఉన్న 75 మందీ చనిపోయారు.

వాళ్లలో 37 మంది ఆటగాళ్లు. 8 మంది ఆట నేర్పేవాళ్లు, వాళ్లకు తోడుగా పనిచేసేవాళ్లు. 25 మంది జట్టుకు అండగా వెళ్లిన ఊరివాళ్లు. మిగిలిన 5 గురు విమానం తరఫు మనుషులు. 70 మంది పిల్లలకు తల్లో, తండ్రో లేకుండా పోయారు. అందులో 18 మందికి ఇద్దరూ పోయారు.

ఆరుగురు ఆటగాళ్లను ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోయారు. వాళ్లను ఊరి శ్మశానంలో పక్కపక్కనే ఒకేచోట పూడ్చారు.

జట్టు ఉండాలా, వద్దా?

ఇంత దుఃఖంలో ఇంకా ఆట ఏమిటి అని కొందరికి అనిపించింది. అందులో తప్పేముంది? బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ బంతిని చూస్తేనే కడుపు తరుక్కుపోదా? యూనివర్సిటీ పెద్ద డొనాల్డ్ డెడ్మన్ కూడా ఆట ఆపేద్దామనే అనుకున్నారు.

కానీ విద్యార్థులు, ఊరివాళ్లు ఒప్పుకోలేదు. ఆట ఆపితే పోయినవాళ్ల పని కూడా అక్కడే ఆగిపోతుందని వాళ్ల బాధ. చివరికి డెడ్మన్ సరేనన్నారు.

ఆట నేర్పేవాళ్లను కోచ్ అంటారు. జాక్ లెంగెల్ అనే ఆయన 1971లో కొత్త కోచ్‌గా వచ్చారు. రెడ్ డాసన్ అనే పాత కోచ్ ఆ రోజు విమానం ఎక్కకుండా కారులో వెళ్లారు. అందుకే బతికారు. ఆయన మనసు దిటవు చేసుకుని, ఇంకో సంవత్సరం కొత్త కోచ్‌కు తోడుగా ఉన్నారు.

కోచ్‌లు దొరికారు. మరి ఆటగాళ్లు? దెబ్బ తగిలో, వేరే కారణంతోనో ఆ రోజు వెళ్లనివాళ్లు కొద్దిమంది ఉన్నారు. వేరే ఆటలు ఆడే పిల్లలు కొందరు వచ్చారు. అయినా చాలలేదు. అప్పట్లో కాలేజీలో చేరిన మొదటి ఏడు పెద్ద జట్టులో ఆడకూడదని నియమం ఉండేది. మార్షల్ కోసం ఆ నియమం సడలించారు. అదే రాష్ట్రంలోని ఇంకో యూనివర్సిటీ కోచ్ బాబీ బౌడెన్ తమ జట్టు ఆడే పద్ధతిని వీళ్లకు చూపించారు. పోటీ పడేవాళ్లే చేయి అందించారన్నమాట.

కొత్త సీజన్

1971 సెప్టెంబరు 18న మొదటి ఆట. 29-6 తేడాతో ఓడారు. ఎదురుగా ఆరితేరినవాళ్లు, ఇటు కొత్త పిల్లలు. ఓడక ఏమవుతారు?

వారం తర్వాత, సెప్టెంబరు 25న సొంత ఊళ్లో ఆట. ఎదుటి జట్టు జేవియర్. ఆట చివరికి వచ్చింది. జేవియర్‌కు 13, మార్షల్‌కు 9. ఇక ఒక్క అవకాశమే మిగిలింది. రెజీ ఆలివర్ బంతి విసిరాడు. టెరీ గార్డ్‌నర్ అందుకుని పరుగెత్తి గీత దాటాడు. 6 పాయింట్లు! మార్షల్ 15-13తో గెలిచింది. జనం మైదానంలోకి పరుగెత్తారు. విమానం కూలి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఆ సీజన్లో 10 ఆటలు ఆడారు. 2 గెలిచారు, 8 ఓడారు.

గెలుపు అంటే ఏమిటి?

లెక్క చూస్తే అది ఓడిన జట్టే. ఆ తర్వాత కూడా కష్టాలు వెంటనే తీరలేదు. ఓడిన ఆటల కంటే గెలిచినవి ఎక్కువ కావడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. 1992లో, మళ్లీ 1996లో తమ తరగతి జట్లన్నిటిలో మొదటి స్థానం సాధించారు.

కానీ హంటింగ్టన్ ఊరు ఈనాటికీ తలుచుకునేది ఆ 2 గెలుపుల సీజన్‌నే. ఎందుకని? ఆ ఏడు మైదానంలోకి దిగడమే కష్టం. వాళ్లు దిగారు. తర్వాత వచ్చినవన్నీ దాని వెనకే వచ్చాయి.

పోయినవాళ్ల గుర్తుగా యూనివర్సిటీలో నీళ్ల ఫౌంటెన్ కట్టారు. ఏటా నవంబరు 14న అందరూ దాని చుట్టూ చేరతారు. పోయినవాళ్ల పేర్లు చదువుతారు. తర్వాత నీళ్లు ఆపేస్తారు. చలికాలమంతా ఫౌంటెన్ మూగగా ఉంటుంది. వసంతం వచ్చాక నీళ్లు మళ్లీ వదులుతారు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఆ ఊళ్లో మీరు ఉంటే ఆట ఆపమనేవారా, సాగించమనేవారా? ఎందుకు?
2. మధ్యలో ఆగిపోయి, మీరు మళ్లీ మొదలుపెట్టిన పని ఏదైనా ఉందా? అప్పుడు మీకు చేయి అందించింది ఎవరు?