పావురాల గూటిలో శిష్యరికం

పావురమనగానే మనకు మొదట స్మృతికి వచ్చేవాడు శిబి చక్రవర్తి. శరణన్న పక్షి కొరకు తన మేని మాంసాన్ని కోసి త్రాసులో ఉంచిన దాత ఆయన. భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూత తన ఇరువది నలుగురు గురువులలో కపోతాన్ని కూడ ఒకటిగా లెక్కించినాడు. పక్షిని గురువుగా భావించడం మనకు క్రొత్త గాదు. కాని పక్షులను పెంచేవారిని గురువులుగా భావించి, వారి ముంగిట నిలిచి విద్యార్థివలె ప్రశ్నించిన మహాపండితుడొకడు పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండులో ఉండినాడు. ఆయన ఛార్లెస్ డార్విన్.

1855 నాటికి డార్విన్‌కు నలుబది ఆరేండ్లు. బీగిల్ నౌకలో భూగోళాన్ని చుట్టి వచ్చినాడు. బార్నకిల్స్ అనే చిన్న సముద్రజీవులపై ఎనిమిదేండ్లు పరిశ్రమించి గ్రంథాలు వెలయించినాడు. 1853లో రాయల్ సొసైటీ పతకం ఆయనను వరించింది. అట్టివాడు తన ఇంటి ఆవరణలో పావురాల గూడు కట్టించి, గింజలు చల్లుతూ కూర్చున్నాడంటే చూచేవారికి వింతగానే తోచి ఉండవచ్చు. దానికి కారణం ఉన్నది. జీవజాతులు మారునా? మారినచో ఎట్లు మారును? ఇంచుమించు ఇరువదేండ్లుగా ఈ ప్రశ్న ఆయనను విడువలేదు. అడవిలో జరిగే మార్పు ఒక మనుష్యుని ఆయుష్షుకు అందదు. మనిషి చేతిలో పెరిగే జంతువులలోనైతే దానిని కొంత కనిపెట్టవచ్చు. పక్షిశాస్త్రవేత్త విలియం యారెల్ ప్రోత్సహించగా ఆయన పావురాలను ఎన్నుకొన్నాడు.

ఆ పక్షులలోని వైవిధ్యం నిజంగా ఆశ్చర్యకరం. మన వాళ్ళు లక్కా పావురమనే జాతికి తోక విసనకఱ్ఱవలె విచ్చుకొంటుంది. సాధారణ పావురానికి తోకలో పన్నెండో పదునాలుగో ఈకలుంటే దీనికి ముప్పది, ఒక్కొక్కప్పుడు నలుబది కూడ ఉంటాయి. పౌటరు తన మెడసంచిని బుడగవలె ఉబ్బించి గర్వంగా నడుస్తుంది. టంబ్లరు ఆకాశంలో పిల్లిమొగ్గలు వేస్తుంది. పొట్టిముక్కు టంబ్లరు పిల్లలలో పెక్కు గ్రుడ్డు పెంకును ఛేదించుకొని వెలికి రాలేక లోపలనే చనిపోతాయి. పెంపకందారులు దగ్గర నుండి పెంకు విప్పి పురుడు పోయవలసిందే.

ఇట్టి సంగతులు గ్రంథాలయాలలో దొరకవు, పెంచేవారి నాలుకల మీద ఉంటాయి. అందుచేత డార్విన్ లండనులోని రెండు పావురాల సంఘాలలో సభ్యుడైనాడు. 1855 నవంబరులో కుమారునికి వ్రాసిన లేఖలో, లండన్ బ్రిడ్జి సమీపంలో జరిగే సభకు పోతున్నాననీ, అక్కడ విచిత్రమైన మనుష్యులు తారసపడతారనీ ముచ్చటించినాడు. పావురాల పెంపకందారు ఒకాయన భోజనానంతరం మట్టి చుట్టగొట్టమొకటి చేతికిచ్చి, పొగ త్రాగడం అందరికీ సహజమే అన్నట్లు ప్రవర్తించిన వైనాన్ని కూడ నవ్వుతూ వర్ణించినాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఒక సారాయి కొట్టులో ఆయన కూర్చుండగా, ఎవరో పరిమాణం పెంచడానికి పౌటర్లను రంట్లు అనే పెద్ద జాతితో కలిపినాడన్న గుసగుస వినవచ్చింది. అక్కడివారందరు మహాపరాధం విన్నట్లు తలలు పంకించినారు. మరొకడైతే ఆ దృశ్యం చూచి నవ్వి ఊరకుండేవాడు. డార్విన్ దానిలో ఒక శాస్త్రసత్యాన్ని గ్రహించినాడు: మేలుజాతులు పుట్టుతున్నది సంకరం వలన గాదు, తరతరాలుగా ఓర్పుతో సాగే ఎంపిక వలన.

ఆ సంఘాలలో ఆయనకు గౌరవం ఎట్లు లభించింది? తన పతకాలను ప్రదర్శించడం చేత గాదు. వారి పుస్తకాలను శ్రద్ధగా చదివినాడు. వారి పక్షులను వెల యిచ్చి కొని, స్వయంగా సాకినాడు. టెగెట్‌మయర్ అనే కోళ్ళ, పావురాల నిపుణునితో ఏండ్ల తరబడి ఉత్తరాలు నడిపి, తెలియనిది తెలియదని ఒప్పుకొని అడిగినాడు. తెలిసికొన్నదానిని ప్రకటించినప్పుడు చెప్పినవారి పేర్లు మరువలేదు.

అయినా ఈ విద్యకు మూల్యం లేకపోలేదు. ఎముకల నిర్మాణం చూడవలెనంటే ప్రేమతో పెంచిన పక్షిని చంపక తప్పదు. పది రోజుల లక్కా పిల్లను చంపిన నాడు, అదొక హత్యయే అన్నట్లు బంధువు ఫాక్సుకు వ్రాసికొన్నాడు. శిబి కథ వినని ఆ మనిషిని కూడ కపోతం త్రాసులోనే నిలబెట్టింది.

పావురాల కొరకు ఆయన చాచిన చేయి మన దేశందాక వచ్చింది. 1856 జనవరిలో మద్రాసులోని వాల్టర్ ఎలియట్‌కు లేఖ వ్రాసి ఇక్కడి పెంపుడు పావురాల చర్మాలను కోరినాడు. ఈ ఎలియట్ ఆంధ్రులకు పరాయివాడు గాడు. 1845లో అమరావతి స్తూపశిల్పాలను త్రవ్వించినవాడు, ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను సేకరించి 1859లో గ్రంథంగా వెలువరించినవాడు ఆయనే. చర్మాలు పంపుటయే గాక, పావురాలపై పారసీకంలో ఉన్న ఒక గ్రంథాన్ని అనువదింపజేసి కూడ డార్విన్‌కు అందజేసినాడు.

ఒక్క విషయంలో మాత్రం శిష్యుడు గురువులతో ఏకీభవింపలేదు. ఒక్కొక్క జాతి పావురం ఒక్కొక్క వేరు అడవి పక్షి నుండి పుట్టినదని వారి దృఢవిశ్వాసం. డార్విన్ తెల్లని లక్కాలను, నల్లని బార్బ్ జాతి పక్షులతో కలిపినాడు. వాని సంతతిని మరల కలుపగా ఒక మనుమడు నీలిరంగుతో, రెక్కలపై రెండు నల్లని చారలతో, అచ్చముగా కొండరాళ్ళలో బ్రతికే అడవి పావురంవలె పుట్టినాడు. అన్నిటికి మూలపురుషుడు ఒక్కడే అన్న మాటకు ఆ పక్షియే సాక్ష్యం పలికింది. అయినా ఆయన వారిని తూలనాడలేదు. సూక్ష్మభేదాలను పట్టుటలో వారే నేర్పరులనీ, ఆ భేదాలు తరతరాలుగా పోగుపడగలవన్న ఊహను మాత్రం వారు అంగీకరింపరనీ వ్రాసినాడు. పైగా, వంశపారంపర్యం గురించి వారికన్న తక్కువ తెలిసిన శాస్త్రజ్ఞులు ఇంకెంత జాగ్రత్తగా ఉండవలెనో గ్రహింపుమని తన తోటి పండితులనే హెచ్చరించినాడు.

1859లో జాతుల పుట్టుక గ్రంథం అచ్చుకు పోకమున్ను వ్రాతప్రతిని చదివిన పత్రికా సంపాదకుడొకడు, తక్కినదంతా విడిచి పావురాలను గురించి మాత్రమే వ్రాయుట మేలని సలహా యిచ్చినాడు, పావురాలంటే అందరికీ ఇష్టమట! డార్విన్ ఆ సలహా పాటింపలేదు గాని, గ్రంథపు మొదటి అధ్యాయంలో పావురాలకే పెద్దపీట వేసినాడు. లండనులోని రెండు సంఘాలు తన్ను చేరనిచ్చినవని ఆ అధ్యాయంలోనే కృతజ్ఞతతో పేర్కొన్నాడు.

నేడు కూడ బడిలో వెనుక బల్లపై కూర్చుండే బాలుని యింట పావురాల గూడు ఉండవచ్చు. లెక్కలలో వెనుకబడిన ఆ పిల్లవానికి ఏ గ్రుడ్డు ఎన్నాళ్ళకు పిగులునో, ఏ జంట పిల్లలకు ఏ రంగు వచ్చునో తెలిసి ఉండవచ్చు. ఉపాధ్యాయుడు ఒక సాయంకాలం ఆ గూటి కడకు పోయి అడిగితే ఆయన పెద్దరికం తరుగదు. ఆ బాలునికి మాత్రం చదువుపై గౌరవం పెరుగుతుంది.