కబురు అందే దారి: ఒప్పంద పత్రం నుంచి ప్రోగ్రాము

హోసూరులోనో, బరంపురంలోనో, సోలాపూరులోనో స్థిరపడిన మన తెలుగిళ్ళలో ఇప్పుడు ఒక పిల్లో పిల్లాడో సాఫ్ట్‌వేర్ పనిలో ఉండటం మామూలైపోయింది. "అసలు అక్కడ ఏం చేస్తావురా?" అని తాతగారు అడిగితే "కోడు రాస్తాను తాతయ్యా" అంటాడు. ఆ కోడులో కొంత భాగాన్ని మనిషి రాయకుండా, ఒక పత్రం చూపించి కంప్యూటరు చేతే రాయించే పద్ధతి ఉంది. ఇవాళ దాని సంగతి చెప్పుకుందాం.

ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి రెండు రకాలుగా మాట్లాడుకుంటాయి. ఒకటి టెలిఫోను పద్ధతి. అడిగినవాడు జవాబు వచ్చేదాకా పట్టుకుని ఉంటాడు. రెండోది ఉత్తరం పద్ధతి. రాసి డబ్బాలో వేసి తన పని తాను చూసుకుంటాడు. ఈ రెండో పద్ధతిలో మధ్యన ఒక బ్రోకర్ ఉంటాడు. బజారులో ఆ మాటకు కాస్త చెడ్డపేరుంది గాని, ఇక్కడి బ్రోకరు పోస్టుమాన్ లాంటివాడే. కబురు తీసుకుని, కావలసినవారికి అందిస్తాడు. కాఫ్కా, ఎంక్యూటీటీ అనే పేర్లు మీ పిల్లల నోట విని ఉంటారు. ఎంక్యూటీటీని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు రూపొందించారు. ఎక్కడో దూరాన ఉన్న చమురు గొట్టాల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో తెప్పించుకోవడం కోసం పుట్టింది అది.

టెలిఫోనులో అవతలివాడికి అర్థం కాకపోతే వెంటనే "ఏమన్నారు?" అంటాడు. ఉత్తరంలో ఆ అదృష్టం లేదు. నాకు తెలిసిన కుర్రాళ్ళు కొందరు ఒక ఇళ్ళ సముదాయంలో నీళ్ళ ట్యాంకుకు పరికరం పెట్టారు. ట్యాంకులో నీరు ఎంత ఉందో పరికరం కబురు పంపుతుంది. మోటారు నడిపే ప్రోగ్రాము దాన్ని చదువుతుంది. ఒకనాడు పంపేవైపు కుర్రాడు 'లెవెల్' అన్న పేరును 'వాటర్ లెవెల్' అని మార్చాడు. ఇంకా బాగా అర్థమవుతుందని అతని ఉద్దేశం. చదివేవైపు ప్రోగ్రాము పాత పేరు కోసం వెతికింది, కనబడలేదు, సున్నా అనుకుంది. ట్యాంకు ఖాళీ అనుకుని తెల్లవార్లూ మోటారు నడిపింది. మెట్లమీదుగా నీళ్ళు కారుతుంటే పాలవాడు చూసి చెప్పాడు. అంతవరకు ఏ ప్రోగ్రామూ ఒక్క ఫిర్యాదు చేయలేదు.

ఇలాంటి చోట కావలసింది ఇద్దరూ ఒప్పుకున్న పత్రం. టెలిఫోను పద్ధతికి ఓపెన్ ఏపీఐ అనే పత్రం ముందే ఉంది. ఉత్తరం పద్ధతికి అలాంటిది కావాలని ఫ్రాన్ మెండెజ్ అనే ఆయన అసింక్ ఏపీఐ మొదలుపెట్టారు. 2021లో అది లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. అందులో ఏముంటుంది? బ్రోకరు చిరునామా, కబురు నడిచే ఛానల్ పేరు, కబురులో ఏయే అంశాలుంటాయి, ఏది అంకె, ఏది తేదీ అన్న వివరం. వాళ్ళ పాఠాల్లో వీధిదీపాల ఉదాహరణ ఉంది. దీపం దగ్గర వెలుతురు ఎన్ని ల్యూమెన్లు, కబురు ఎప్పుడు పంపారు అన్నవి కబురులోని అంశాలు. వెలుతురు సున్నాకు తగ్గకూడదన్న షరతు కూడా పత్రంలోనే రాయవచ్చు.

ఇప్పుడు జనరేటర్ రంగంలోకి వస్తుంది. పత్రాన్ని ఒక చేత, మూసను ఒక చేత పట్టుకుని కోడు పోతపోస్తుంది. కంచరి మూసలాంటిదే ఇదీ. జావా మూస ఇస్తే జావా ప్రోగ్రాము, మరో మూస ఇస్తే మనుషులు చదువుకునే వివరణ పుటలు వస్తాయి. బ్రోకరుతో సంబంధం పెట్టుకోవడం, కబురు విప్పడం లాంటి విసుగు పనులు అదే రాసిపెడుతుంది. వెలుతురు తగ్గితే ఏం చేయాలన్నది మాత్రం మీరే రాయాలి. మన నీళ్ళ ట్యాంకు విషయంలో, పేరు మార్చేది పత్రంలో మారుస్తారు, రెండువైపులా కోడు మళ్ళీ పుట్టిస్తారు. జావాలాంటి భాషలో ఇంకా పాత పేరు వాడిన వరస ఎక్కడుంటే కంపైలరు అక్కడే ఆపేస్తుంది. నీళ్ళు కారేదాకా ఆగక్కర్లేదు.

ఒక తికమక చాలామందిని ఏడిపించింది. పాత పుస్తకాల అంగడి ముందు "కొనబడును" అని బోర్డు ఉంటుంది. కొనేది అంగడివాడా, మనమా? అసింక్ ఏపీఐ రెండో రూపంలో 'పబ్లిష్' అన్న మాటది అదే అవస్థ. "ఈ ఛానల్‌లోకి ఇతరులు పంపవచ్చు" అని పత్రం ఉద్దేశం. "నేను పంపుతాను" అని చదివినవారి ఊహ. అలా రాసిన పత్రం ఇస్తే, పంపే ప్రోగ్రాము కావలసినచోట అందుకునే ప్రోగ్రాము తయారయ్యేది. 2023 డిసెంబరులో వచ్చిన మూడో రూపంలో ఆ మాటలు తీసేసి, ప్రోగ్రాము తనవైపు నుంచి 'పంపు', 'అందుకో' అని చెప్పేలా చేశారు. నా మట్టుకు ఆ రూపంలో వచ్చిన మార్పుల్లో ఇదే మేలైనది.

జనరేటర్ రాసిన ఫైలులో మీరు చేత్తో దిద్దుళ్ళు చేస్తే, మరోసారి పుట్టించినప్పుడు అవి తుడిచిపెట్టుకుపోతాయి. మీ రాత వేరే ఫైలులో ఉంచండి. ఫలానా ఫైలు ముట్టుకోవద్దని జనరేటర్‌కు ముందే చెప్పే వీలూ ఉంది. ఇంకొకటి, పత్రానికి కబురు ఆకారం తెలుసు గాని అంతరార్థం తెలియదు. నీటిమట్టం 150 అంటే సెంటీమీటర్లా, అంగుళాలా? ఆ మాట వివరణలో మీరే రాయాలి. ఎంక్యూటీటీలో "కనీసం ఒకసారైనా చేర్చు" అనే ఏర్పాటు ఎంచుకుంటే అదే కబురు రెండుసార్లు రావచ్చు. వెలుతురు కొలత రెండుసార్లు వస్తే నష్టం లేదు. డబ్బు చెల్లింపు కబురు రెండుసార్లు వస్తే ఉంది! కబురుకో గుర్తింపు సంఖ్య పెట్టి, వచ్చినదే మళ్ళీ వచ్చిందా అని చూసే నాలుగు వరసలు మనిషే రాసుకోవాలి. ఆ ట్యాంకు కుర్రాళ్ళు ఇప్పుడు పేరు పక్కనే "సెంటీమీటర్లలో" అని రాస్తున్నారు. అంశం అసలు కనబడకపోతే సున్నా అనుకోకుండా మోటారు ఆపేసి వాచ్‌మన్‌కు గంట మోగించే ఏర్పాటు కూడా చేశారు.