సాఫ్ట్‌వేరు ప్యాకేజీల వర్గీకరణము – ఒక ఉమ్మడి పని

నిజాంసాగరు నీరు బాన్సువాడ ప్రాంతపు పొలములకు చేరు విధము మన విద్యార్థులకు తెలిసినదే. మంజీరా నదికి అడ్డముగా కట్టిన జలాశయమునుండి ప్రధాన కాలువ, దానినుండి ఉపకాలువలు, వానినుండి పిల్లకాలువలు బయలుదేరును. ఎగువన నీటిలో కలిసినది దిగువ మడులన్నిటికిని చేరును.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రంగమునందును ‘ఎగువ’, ‘దిగువ’ అను మాటలు వాడుకలో ఉన్నవి. ఎవరైనను వాడుకొనుటకు, మూలమును చదివి మార్చుటకు, ఇతరులకు పంచుటకు హక్కు గల ప్రోగ్రాములే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ప్రోగ్రామును వ్రాసినవారు ఎగువవారు. దానిని ప్యాకేజీగా కట్టి మనకు అందించు డెబియన్, ఫెడోరా, జెంటూ మొదలగు ‘పంపిణీలు’ దిగువవారు.

1993లో ప్రారంభమైన డెబియన్‌లో నేడు 60,000కు పైగా ప్యాకేజీలున్నవి. ఖగోళశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు వీనిలో తనకు పనికివచ్చుదానిని ఎట్లు కనుగొనగలడు? పేరు తెలియనిచో వర్గీకరణమే దారి చూపవలెను.

నక్షత్రములను తెరపై చూపు స్టెల్లేరియం అను ప్రోగ్రామును తీసికొందము. డెబియన్ దీనిని విజ్ఞానశాస్త్ర విభాగమున ఉంచినది. జెంటూ ఖగోళమునకు ప్రత్యేకించిన విభాగమున ఉంచినది. ఇది పాఠశాలకు పనికివచ్చు బోధనోపకరణము కూడ. ఒక వస్తువును ఒక అరలోనే పెట్టవలెనన్నచో ఈ చిక్కు తప్పదు.

గ్రంథాలయములలో ఈ చిక్కును విప్పినవారు మన దేశీయుడైన ఎస్. ఆర్. రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా ఉండి ఆయన 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించెను. గ్రంథమును ఒకే అరకు కట్టివేయక, దాని విషయమును స్థలము, కాలము మున్నగు పలు ముఖములనుండి వేరువేరుగా గుర్తించుట ఇందలి కీలకము. ఈ భావమునే ఆధారముగా గొని ఎన్రికో జీని డెబియన్‌కు ‘డెబ్‌ట్యాగ్స్’ అను పద్ధతిని రూపొందించెను. ప్రోగ్రాము ఏ శాస్త్రమునకు చెందినది, ఏ పనికి ఉపయోగించును, తెరపై ఎట్లు కనబడును – ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చీటీ.

అయితే ఆ చీటీలు డెబియన్ ప్యాకేజీ పేర్లకే అంటియుండెను. వెబ్ పుటలను అందించు అపాచీ ప్రోగ్రామునకు డెబియన్‌లో ‘అపాచీ2’ అని, ఫెడోరాలో ‘హెచ్‌టీటీపీడీ’ అని పేర్లు. రెండును ఒకటేయని యంత్రమునకు తెలియదు. కనుక ఒకచోట చేసిన శ్రమ మరియొకచోట అక్కరకు రాదు. పది పంపిణీలలో పదిమంది అదే పని మరల చేయవలసివచ్చును.

2011 జనవరిలో పలు పంపిణీలవారు జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున సమావేశమై ఆలోచించిరి. అందుండి ‘యాప్‌స్ట్రీమ్’ రూపొందినది. దీని ప్రకారము ఎగువవారే ప్రోగ్రాముతోపాటు ఒక చిన్న వివరణపత్రమును జతపరతురు. పంపిణీని బట్టి మారని గుర్తు, వర్గము, ఒక వాక్యపు పరిచయము, దాని అనువాదములు అందుండును. పంపిణీలు ఆ పత్రములను సేకరించి తమ పట్టికలను తయారుచేసికొనును.

దీనితో పని అంతయు తీరలేదు. ఈ పద్ధతి ముఖ్యముగా వినియోగదారులు తెరచి వాడు ప్రోగ్రాములకు ఉద్దేశింపబడినది. ప్రోగ్రాముల లోపల పనిచేయు వేలాది ప్యాకేజీలకు ఇతర గుర్తులు కావలెను. మరియు వ్రాసినవాడు తన ప్రోగ్రామును తానే వర్ణించునపుడు పొరపాట్లు, అతిశయోక్తులు దొర్లవచ్చును. వానిని సరిచూచు దిగువవారి కన్ను ఎప్పటికిని అవసరమే.

తెలుగువారికి ఇందు ప్రత్యేక ప్రయోజనమున్నది. అనువాదకులు కొద్దిమందిగా ఉన్న భాషకు, ఒకే వాక్యమును పదిచోట్ల అనువదించుట మోయలేని భారము. స్టెల్లేరియమును గూర్చిన పరిచయవాక్యమును ఒక విద్యార్థి చక్కని తెలుగులో వ్రాసి ఎగువవారికి పంపి, వారు దానిని స్వీకరించినచో, తరువాతి విడుదలతో అది ఆ వివరణను వాడు పంపిణీలన్నిటికిని చేరును. ఇందుకు ప్రోగ్రాము వ్రాయనేర్చియుండ నక్కరలేదు. శాస్త్రవిషయము, భాష రెండును తెలిసియుండిన చాలును. ఉన్నత పాఠశాల తరగతిలో ఉపాధ్యాయుడు, విద్యార్థులు కలిసి చేయదగిన పని ఇది.